అడగకుండా మార్చినవి

హైదరాబాద్,
2025 సెప్టెంబర్ 7.

బేగం అత్తకు, సైదులు మామకు ఆరిఫా సలాములు.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానో, అదీ ఇప్పుడే ఎందుకో ముందే చెప్పేస్తాను. విదేశాల నుంచి మన దేశానికి వచ్చే పత్తి మీద ప్రభుత్వం వేసే దిగుమతి సుంకాన్ని పోయిన నెలలో తీసేశారు. మొదట సెప్టెంబర్ ఆఖరు వరకే అన్నారు. పది రోజులు తిరక్కుండానే డిసెంబర్ ఆఖరు దాకా పొడిగించారు. అంటే మీ చేలో కాయ పగలడం, మీరు పత్తి తీయడం, అమ్మడం అన్నీ ఆ గడువులోనే జరుగుతాయి. బయటి పత్తి చవగ్గా వస్తే ఇక్కడి ధర మీద ఆ బరువు పడుతుంది. జూన్‌లో మీరు విత్తనం పెట్టినప్పుడు ఈ మాట మీకు చెప్పినవాళ్లు లేరు.

నేను పనిచేసే సంస్థ ఒక వినతిపత్రం తయారుచేస్తోంది. దిగుమతి సుంకం పెంచినా తగ్గించినా, అది ఎవరి మీద ఎంత పడుతుందో ముందు అధ్యయనం చేయాలి, ఆ అధ్యయనాన్ని జనం ముందు పెట్టాలి, ఆ తర్వాతే మార్చాలి అని. దానికి పత్తి రైతుల మాటలు జతచేస్తాం. వాళ్ల సొంత చేతిరాతలో ఉండాలని మా నజియా మేడం పట్టుబట్టారు. నాకు మొదట గుర్తొచ్చింది నువ్వే. ఎలాగూ నీకు సిగ్నల్ కావాలంటే రైలు గేటు దాకా నడవాలి, అక్కడ అందరి ముందు నిలబడి ఇంటి మాటలు మాట్లాడటం నీకు నచ్చదు.

రాయడం రాదని తప్పించుకోవద్దు. నేను ఒకటో తరగతిలో ఉన్నప్పుడు నువ్వు మహిళా సంఘంలో సంతకం నేర్చుకోవడానికి నా పలకే తీసుకున్నావు. మన ఇంట్లో బడికి వెళ్లింది నేనొక్కదాన్నే అంటారు గానీ, ఆ పలక మీద ఇద్దరం నేర్చుకున్నాం. నీ ‘బ’ ఇప్పటికీ నా దానికంటే గుండ్రంగా ఉంటుంది.

చేను ఎలా ఉందో, పత్తి ఎవరికి అమ్ముతారో, ధర పడిపోతే ఇంట్లో ఏమవుతుందో రాయి. ఈ నెల ఇరవై అయిదులోగా రాస్తే మేలు. మామ మోకాలు ఎలా ఉంది? దవాఖానాకు వెళ్లమంటే వెళ్లాడా?

నీ ఆరిఫా


కారేపల్లి మండలం,
సెప్టెంబర్ 19.

బిడ్డా ఆరిఫా,

నీ ఉత్తరం ముట్టింది. పోస్టు బాబూరావు ఇచ్చుకుంట, “మీ మేనకోడలు కలెక్టరమ్మ అయిందా ఏంది, కవరు మీద అంత పెద్ద ముద్దరున్నది” అన్నడు. అవ్, అయింది, నీ సైకిలుకు కొత్త చక్రం వేపిస్తది అని చెప్పిన.

నువ్వు రాసింది రెండు మాట్ల చదివిన. సగం సమజయింది. సుంకం అంటే నాకు ఎరుకైంది మార్కెట్ల చీటీ మీద కోసుకునేదే. ఓడల వచ్చే పత్తికి పన్ను తీసేస్తే మన చేనుకు ఏమయితదో నాకు తెల్వలే. మీ మామకు చదివి వినిపిస్తే, “ఓడకు అడ్డం నిలవడాలంటే నా మోకాలు సహకరించదు, బర్రెను తోలుకపోండ్రి, అది ఎవలకూ జరగదు” అన్నడు. దవాఖానాకు పోలే. పోడు కూడా.

మా పక్కింటి సారక్క ఉత్తరం సంగతి విని వచ్చింది. నష్టపరిహారం ఇస్తున్నరా, నా పేరు గూడ రాయిపియ్యి అని కూసున్నది. సంఘంల అందరికీ చెప్పేసింది. ఇప్పుడు బోరింగుకాడికి పోతే, మా పేరు ఎప్పుడు రాస్తదే మీ కోడలు అని అడుగుతున్నరు. ఎంతిస్తరో జల్దీ రాయి, ఈళ్ల నోరు మూపియ్యాలె.

చేను ఇప్పటికైతే మంచిగనే ఉన్నది. నడుమ వానకు పూత కొంత రాలింది. గులాబీ పురుగు ఇంకా కానరాలే, రాకుంటే సాలు. మీ అన్న మోయిజ్ ఎట్లున్నడు? ఆని నూలు మిల్లు సగం రోజులు మూసే ఉంటున్నదని మీ నాన్న చెప్పిండు. దసరాకు ఇటు రమ్మను.

మీ అత్త
బేగం


హైదరాబాద్,
సెప్టెంబర్ 27.

అత్తా,

ముందు సారక్కకు నా తరఫున చెప్పు. ఇది నష్టపరిహారం కాదు. దీనివల్ల ఎవరికీ పైసా రాదు. నేను ప్రభుత్వంలో లేను, కవరు మీద ఉన్నది మా సంస్థ ముద్ర. సంఘంలో అందరికీ ఆశ పెట్టినట్టయింది, నేనే సరిగ్గా రాయలేకపోయాను.

ఓడ పత్తికీ మన చేనుకూ సంబంధం ఇది. మీ ఊరి దళారి పగిడయ్య పొద్దున ధర చెప్పే ముందు ఖమ్మం మార్కెట్‌కు ఫోన్ చేస్తాడు కదా. ఖమ్మంలో కొనేవాళ్లు, దూది కొనే మిల్లులవాళ్లకు ఫోన్ చేస్తారు. మిల్లువాళ్లు, బయటి దేశం పత్తి ఎంతకు దొరుకుతోందో చూసుకుని ధర చెబుతారు. ఆ ఫోన్లన్నీ దాటుకుని చివరికి నీ వాకిట్లో కాటా దగ్గరికి వస్తుంది ధర. సుంకం తీసేసిన రోజున మొదటి ఫోన్ మారిపోయింది. చివరనున్న నీకు ఆ సంగతి చెప్పలేదు.

దీన్ని నీ మాటల్లో రాస్తే చాలు. గడువు దాటినా ఫరవాలేదు, రాస్తావు కదూ? మోయిజ్ అన్న దసరాకు వస్తానన్నాడు.

నీ ఆరిఫా


కారేపల్లి మండలం,
అక్టోబర్ 13.

ఆరిఫా,

మోయిజ్ వచ్చి నాలుగొద్దులుండి పోయిండు. బక్కగయిండు గానీ మొకంల కళ ఉన్నది. ఎండకాలం సంది మిల్లు ఒక్క షిఫ్టే నడిచిందట. అమెరికోళ్లు మన బట్ట మీద పన్ను పెంచిన్రని ఆర్డర్లు ఆగిపోయినయట. సగం మందిని ఇండ్లకు పంపిన్రట. ఇప్పుడు చవుక పత్తి వస్తున్నదని మళ్ల మూడు షిఫ్టులు పెట్టిన్రు, నన్ను గూడ మళ్ల పిలిచిన్రు అత్తా అని సంతోషంగ చెప్పిండు. కోడికూర రెండుసార్లు ఏపిచ్చుకున్నడు.

ఆడు పోయినంక నీ ఉత్తరం మళ్ల తీసి చదివిన. నువ్వు రాయమంటున్నది గా పత్తి మీదనే గదా. పన్ను మళ్ల వెయ్యండ్రని నేను రాస్తె, ఆని మిల్లు మళ్ల ఆగితె? మీ అన్న నోట్ల మన్ను కొట్టే రాత నాతోటి రాపిస్తవా? నీకు ఈ సంగతి ఎరుకలేదా, ఎరుకుండే అడిగినవా?

నేను రాయ. నువ్వు అలగకు. చదువుకున్నదానివి, ముందుగాల ఇంట్ల ఎవరు దేని మీద బతుకుతున్నరో చూసుకోవద్దా?

బేగం


హైదరాబాద్,
అక్టోబర్ 21.

అత్తా,

అలగలేదు. అన్నకు పని మళ్లీ దొరకడానికి కారణం ఇదేనని నాకు తెలియదు. అన్న నాతో చెప్పలేదు, నేనూ అడగలేదు. నువ్వన్నది నిజం.

కానీ ఒక్క మాట విను. మేం పన్ను మళ్లీ వేయమని అడగడం లేదు. తీసేయమనీ అడగడం లేదు. మార్చే ముందు చూడమంటున్నాం. అన్న సంగతి కూడా ఆ చూడాల్సినవాటిలోదే. రెండూ ముందే చూసి ఉంటే, మిల్లుకు ఇంకో రకంగా సాయం చేసి, మీ పత్తి వచ్చే నెలల్లోనైనా ధర పడిపోకుండా ఆపే దారి దొరికేదేమో. దొరక్కపోయినా, విత్తనం పెట్టకముందే చెప్పి ఉంటే మీరు పత్తి బదులు మక్కజొన్న వేసుకునేవాళ్లేమో. నాకు కచ్చితంగా తెలియదు. చూడనిదే ఎవరికీ తెలియదు.

మన తాత దూది ఏకేటప్పుడు సంగతి నాన్న చెబుతుంటాడు. ఎవరైనా పరుపు కుట్టమని వస్తే, తాత దూది ఏకే విల్లు చేతికి తీసుకునే ముందు ‘ఎవరు పడుకునేది?’ అని అడిగేవాడట. బాలింతకైతే మెత్తగా ఏకేవాడు. నడుము నొప్పి ముసలాయనకైతే దట్టంగా కూరి దగ్గర దగ్గరగా కుట్టేవాడు. ‘డబ్బులిస్తున్నాం కదా, నీకెందుకు?’ అని ఒకాయన విసుక్కుంటే తాత పరుపు గుడ్డ తిరిగి ఇచ్చేశాడట. మేం అడిగేది ఆ ప్రశ్న మాత్రమే.

ఇది చదివాక కూడా మనసొప్పకపోతే వద్దు. ఒప్పితే మాత్రం వివరంగా రాయి. నీ పేరు, ఊరు, భూమి ఎవరిది, ఎన్నాళ్లుగా చేస్తున్నారు, పత్తి ఎక్కడ ఎవరి పేరు మీద అమ్ముతారు, అన్నీ. వివరం లేని ఉత్తరాన్ని కట్టుకథ అంటారు. పేరూ ఊరూ ఉన్న ఉత్తరాన్ని తోసెయ్యలేరు.

అన్నను తలుచుకుని నువ్వు వద్దన్నావని తెలిశాక, నీ ఉత్తరమే అందరికంటే ముందు ఉండాలని నాకింకా గట్టిగా అనిపిస్తోంది.

నీ ఆరిఫా


కారేపల్లి మండలం,
నవంబర్ 12.

ఆరిఫా బిడ్డా,

తాత ముచ్చట రాసి నన్ను పట్టుకున్నవ్. మీ మామ గూడ, “అడుగుమనుడు తప్పు కాదు, రాయి” అన్నడు. ఎవరు చదువుతరో వాళ్లకు రాసినట్టే రాస్తున్న.

నా పేరు బేగం. మాకు సొంత భూమి లేదు. ఇల్లందుల ఉండే కాశయ్య అన్న భూమి తొమ్మిదేండ్ల సంది కౌలుకు చేస్తున్నం. ఆయన బొగ్గు బాయిల చేసి రిటైరయిండు. మంచి మనిషి. ప్రతి ఉగాదికి నేను, మా ఆయన ఇంటికి పోయి మాట తెచ్చుకుంటం. కాగితం లేదు. ఆయన పెండ్లాం జంపక్క పచ్చడి పోసి పంపుతది, అదే మా కాగితం.

ఈ ఏడు పత్తి మంచిగ పగిలింది. గంతల్నే ముసురు పట్టింది. చెట్టు మీదనే దూది నల్లబడ్డది. తీసినకాడికి తెచ్చి ఇంట్ల ఆరబోసినం. మంచాలు బయటేసి మేము ఇంటి ముందటి సాయబాన్ల పండుకున్నం. సర్కారు కేంద్రంల అమ్ముదమంటే ముందు ఫోన్ల పేరు ఎక్కియ్యాలె. పట్టా ఎవరిదైతే వాళ్ల పేరే ఎక్కుతది, కౌలోళ్లది ఎక్కదు. కాశయ్య అన్న తన పేరు మీద ఎక్కిచ్చి, మా పత్తి ఆయన పత్తి లెక్కనే అమ్మిపిచ్చిండు. పైసలు ఆయన ఖాతాల పడితె తెచ్చి నా చేతిల పెట్టిండు. గట్ల చేసెటోళ్లు తక్కువ.

మిగిలినదానికి తేమ ఎక్కువున్నదని కేంద్రమోళ్లు తిప్పి పంపిన్రు. పగిడయ్యను పిలిచినం. కాటా కాడ ఆయన చెప్పిన ధర విని మా ఆయన నవ్విండు. పరాచికం ఆడుతుండనుకున్నడు. “అక్కా, మిల్లోళ్లకు ఓడల తెల్లటి పత్తి దొరుకుతున్నది. నీ పత్తి కొనుడే నేను మీ మొకం చూసి. పోయిన ఏడు తడిసినా కొన్న, ఈ ఏడు నన్ను గూడ కొననిస్తలేరు” అన్నడు. ఇచ్చేసినం. ఇంట్ల పెడితె పురుగు పడతది.

మా మేనల్లుడు మిల్లుల చేస్తడు. చవుక పత్తితోటి ఆనికి పని దొరికింది. ఆని పని పోవద్దు. కాని మాకు ముందుగాల చెప్తె, మేము గూడ మా సంసారం ఎటు మలుపుకోవాల్నో చూసుకునేటోళ్లం. పెద్దోళ్లు ఒక్కనాడు కూసొని మారుస్తరు. మేము ఏడాదికి ఒక్కసారే విత్తనం పెడతం. గంతే నాకు తెలిసింది.

బిడ్డా, ఉన్నదున్నట్టు రాసిన. ఏది పెట్టాల్నో ఏది దాయాల్నో నీకే ఎరుక.

మీ అత్త


హైదరాబాద్,
డిసెంబర్ 9.

అత్తా, మామా,

ఖమ్మంలో ఈ ఆరో తేదీన సభ జరిగింది. రైతులు, మిల్లు యజమానులు, వ్యవసాయ అధికారులు, విలేకరులు వచ్చారు. రైతుల ఉత్తరాలు ఒక్కొక్కటే చదివారు. నీది నేనే చదివాను.

‘మేము ఏడాదికి ఒక్కసారే విత్తనం పెడతం’ దగ్గరికి వచ్చేసరికి వెనక కూర్చున్న ఒక మిల్లు యజమాని లేచి, ‘మమ్మల్ని కూడా అడగలేదమ్మా, మాకూ పేపర్లోనే తెలిసింది’ అన్నాడు. అప్పటిదాకా ఆయనా రైతులూ ఎడమొహం పెడమొహంగా ఉన్నారు.

నీ ఉత్తరంలో ఒక్క అక్షరం కూడా మార్చలేదు. కాశయ్య గారి పేరు, నోటి మాట కౌలు, ఆయన పేరు మీద పత్తి అమ్మడం, అన్నీ ఉన్నవి ఉన్నట్టే చదివాను. కొన్ని పేర్లు వదిలేద్దామా అని మేడం ఒక్కసారి అడిగారు. వద్దన్నాను. కౌలు రైతుకు అమ్ముకునే దారి కూడా లేదని తెలియాలంటే అది ఉండాల్సిందే అన్నాను. ఒక అధికారి ఆ వివరాలు రాసుకున్నారు. మర్నాడు జిల్లా పేజీలో నీ ఉత్తరం సగం అచ్చయింది, పేర్లతో సహా. ఆ కత్తిరింపు పంపుతున్నాను, చూడు. మన ఇంట్లో పేపర్లో పేరు పడిన మొదటి మనిషివి నువ్వే.

నిన్ను సభకు తీసుకురాలేకపోయానని ఒక్కటే వెలితి. చలికి ఒక శాలువా పార్సిల్ చేశాను. ఎలా ఉందో రాయి.

నీ ఆరిఫా


హైదరాబాద్,
2026 జనవరి 6.

అత్తా,

నెల కావస్తున్నా నీ నుంచి ఏమీ లేదు. గేటు దగ్గరికి వస్తావేమోనని మూడు శుక్రవారాలు ఫోన్ చేశాను, మోగుతోంది, ఎత్తడం లేదు. నాన్నను అడిగితే ‘బాగానే ఉన్నరు’ అని మాట దాటేశాడు.

శాలువా పంపడం తప్పుగా తోచిందా? ఉత్తరం రాసినందుకు కూలి ఇచ్చినట్టు అనిపించిందా? నేను ఆ ఉద్దేశంతో పంపలేదు. లేకపోతే మోయిజ్ అన్న సంగతి అందరి ముందు చదివానని బాధపడ్డావా? అన్నతో మాట్లాడాను, వాడికేం కోపం లేదు. ‘అత్త నా కూలి గురించి కూడా రాసింది’ అని మురిసిపోయాడు.

సుంకం మినహాయింపు గడువు డిసెంబర్ ముప్పై ఒకటితో ముగిసింది. అప్పటికి నీ ఇంట్లో పత్తి లేదు. ఈ మాట నీకు చెబుదామని ఫోన్ చేశాను.

ఒక్క ముక్క రాయి.

ఆరిఫా


కారేపల్లి మండలం,
జనవరి 24.

బిడ్డా ఆరిఫా,

శాలువా మంచిగున్నది. మీ మామ కప్పుకుంటున్నడు. నీ మీద కోపం లేదు. ఎట్ల రాయాల్నో తెల్వక రాయలే.

నువ్వు పేపరు ముక్క పంపకముందే అది కాశయ్య అన్నకు ముట్టింది. ఇల్లందు బస్టాండు హోటలుకాడ ఎవరో చదివి, “ఏం కాశయ్యా, పత్తి ఎప్పుడు పండిచ్చినవే” అని ఎక్కిరిచ్చిన్రట. తెల్లారి వ్యవసాయ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చిందట. నీ పేరు మీద అమ్మిన పత్తి ఎవరిది, ఒకసారి వచ్చిపో అన్నరట. ఆయన సాయంత్రం మా ఇంటికి వచ్చిండు. చాయ్ పెట్టిన. ముట్టలే.

“బేగం, తొమ్మిదేండ్లల్ల నిన్ను ఒక్క మాటన్ననా?” అన్నడు.

“లేదన్నా.”

“పైసలు ఒక్కనాడన్న ఆపిన్నా?”

“లేదన్నా.”

“మరి నా పేరు పేపర్ల ఎందుకెక్కిచ్చినవ్?”

నువ్వు మంచోనివనే రాసిన అన్నా అని చెప్పిన. “మంచోడనే రాసినవ్. ఆ మంచితనానికే ఇప్పుడు నన్ను ఆఫీసుకు రమ్మంటున్నరు” అన్నడు. ఇంకా అన్నడు, “రేపు ఎవడో వచ్చి ఈ భూమి ఎవరు దున్నుతున్నరని నీ పేరు రాసుకపోతడు, దున్నెటోనిదే భూమంటడు. ముప్పై ఏండ్లు భూమి లోపల మసి పీల్చి కొన్న ముక్క ఇది. నాకు ఇంకోటి లేదు.”

మీ మామ నిలవడి, “పిల్ల తెల్వక చేసిందన్నా” అన్నడు.

“పిల్లకు తెల్వదు, సరే. నాకు భయమయితున్నది గదా సైదులూ” అన్నడు. కండ్లల్ల నీళ్లు తిరిగినయి ఆయనకు. నేను ఆయన్ని గట్ల ఎన్నడూ చూడలే.

ఉగాదికి మాట కోసం రావద్దన్నడు. జామాయిల్ చెట్లు పెడతడట. అది పెడితె కౌలుదారు అక్కర్లేదు, నాలుగేండ్లు అటు చూసే పని లేదు. ఇప్పుడు మీ మామ మిరపకోతల కూలికి పోతున్నడు. మోకాలు ఎట్లున్నదో అడగకు.

తప్పు నీదొక్కదానిదే గాదు. మనోళ్లల్ల కౌలు మాట ఎవలూ కాగితం మీద పెట్టరు. ఊరందరికీ ఎరుక, కాగితానికి ఎరుక ఉండొద్దు. గది నీకు ఎవరూ చెప్పనక్కర్లేదు, చిన్నప్పటి సంది చూస్తున్నదే అనుకున్న. నువ్వు చూడలే. నువ్వు బడికి పోతివి, మేము చేనుకు పోతిమి. ఉత్తరం రాసేటప్పుడు నా చెయ్యి ఒకసారి ఆగింది. నీకే ఎరుక అని రాసి వదిలేసిన.

సారక్క వాళ్లు గూడ కౌలోళ్లే. ఆమె ఇప్పుడు మా వాకిట్ల నుంచి నడుస్తలేదు, ఆమెను గూడ పేపర్ల వేపిస్తనేమోనని. నవ్వొస్తది, ఏడుపొస్తది.

ఫోన్ చెయ్యకు. నీ గొంతు వింటె ఏడుస్త. గేటుకాడ అందరు చూస్తరు.

బేగం


హైదరాబాద్,
2026 ఫిబ్రవరి 3.

అత్తా,

నీ ఉత్తరం అందిన రోజే బస్సెక్కి ఇల్లందు వెళ్లాను. నీకు చెప్పకుండా వెళ్లడం కూడా తప్పేనేమో, కానీ ఆగలేకపోయాను.

కాశయ్య గారు ఇంట్లోనే ఉన్నారు. నేను ఎవరో చెప్పగానే జంపక్క లోపలికి వెళ్లిపోయింది. ఆయన మాత్రం కుర్చీ వేశారు. ‘నీ దరఖాస్తుల ఏమున్నది బిడ్డా?’ అని అడిగారు. సుంకం మార్చే ముందు, అది ఎవరి మీద పడుతుందో చూడమని అడుగుతున్నాం అని చెప్పాను.

‘మంచి మాటే. మరి నా పేరు చదివేముందు మా ఇంటికి రాకపోతివి. ఖమ్మం దాకా వచ్చినవ్. బస్సుల ఎంత దూరం?’

బతిమాలాను. అత్తావాళ్లది ఏ తప్పూ లేదన్నాను. ‘వాళ్లది తప్పని నేననలే. మొక్కలకు చెప్పేసిన, నర్సరీకి పైసలు కూడ కట్టిన’ అన్నారు. ఆఫీసులో ఏమన్నారని అడిగాను. మందలించి పంపారట, ఇంకోసారి ఇలా అమ్మితే కేసు రాస్తామన్నారట. బయటికి వస్తుంటే జంపక్క గుమ్మం దగ్గర నిలబడి, ‘బేగంను అడిగిన్నని చెప్పు’ అంది. అంతే. ఆయన మనసు మారలేదు. మారుతుందని నీకు ఆశ పెట్టను.

సభ రోజు నుంచి నీ ఉత్తరం వచ్చేదాకా నేను ఎంత గర్వంగా తిరిగానో తలుచుకుంటే సిగ్గేస్తోంది. కొన్ని పేర్లు వదిలేద్దామా అని మేడం అడిగారు చూడు, అప్పుడు నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నీ మాట బలంగా ఉండాలని చూశాను గానీ, ఆ మాట అన్నాక నువ్వు ఏ ఊళ్లో బతకాలో చూడలేదు. క్షమించమని అడగను. అడిగితే నువ్వు వెంటనే క్షమిస్తావు, నాకు తెలుసు. దానివల్ల మామకు చేను తిరిగి రాదు.

ఇప్పుడు ఇంకో సంగతి ఉంది. వినతిపత్రంతో పాటు రైతుల ఉత్తరాలన్నీ చిన్న పుస్తకంగా వేస్తున్నారు. అది ఢిల్లీకి వెళ్తుంది, చాలామంది చేతుల్లో పడుతుంది. కాశయ్య గారిని అడిగాను, తన పేరు వద్దన్నారు. ఆయన పేరు, ఆయన పేరు మీద అమ్మిన సంగతి తీసేశాను. మిగిలింది నీది. మేడం ఏమీ బలవంతం చేయలేదు గానీ, నీ ఉత్తరం లేకపోతే పుస్తకం బోసిపోతుందన్నారు. అది నిజమే. కానీ నువ్వు దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

నాకు తెలిసినంతవరకు చెబుతాను. నీ పేరు, ఊరు ఉంచితే చదివినవాళ్లు నమ్ముతారు. కానీ వచ్చే ఉగాదికి మీరు ఇంకెవరి భూమైనా అడగబోతే, వాళ్లు ఈ పుస్తకం గుర్తుచేసుకుని వద్దనొచ్చు. పేరు, ఊరు తీసేస్తే బయటివాళ్లు గుర్తుపట్టరు. మీ మండలంవాళ్లు మాత్రం, పేపర్లో ఇప్పటికే వచ్చింది కాబట్టి, గుర్తుపడతారు. ఉత్తరమే తీసేస్తే పుస్తకం వల్ల కొత్తగా ఏ నష్టమూ రాదు. కౌలు రైతు మాట అందులో ఉండదు, అంతే. నువ్వు రాస్తేనే సుంకం మారే తీరు మారిపోతుందని నేను చెప్పలేను. మారకపోవచ్చు కూడా. ఇవి కాక నాకు తోచనివి ఉంటాయి. పోయినసారి నాకు తోచనిదే జరిగింది. అందుకే మామను అడుగు. సారక్క మాట్లాడితే ఆమెనూ అడుగు, ఆమెకు తెలిసినంత నాకు తెలియదు.

నన్ను సంతోషపెట్టడానికి ఒప్పుకోవద్దు. నా ఉద్యోగానికి దీనివల్ల ఏమీ కాదు.

పుస్తకం ఇరవై మూడున అచ్చుకు వెళ్తుంది. ఈ నెల ఇరవైలోగా నీ జవాబు నా చేతికి అందేలా రాయి. అప్పటిదాకా నీ ఉత్తరం నా దగ్గరే ఉంటుంది, ఎవరికీ ఇవ్వను. ఇరవై దాటినా నువ్వు ఏమీ రాయకపోతే, వద్దన్నావనే అనుకుని తీసేస్తాను.

నీ
ఆరిఫా